పాత వీడియో గేమ్‌లు చేతికీ కంప్యూటర్‌కీ ఎందుకంత కష్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చి, అటక మీది పాత టీవీ గేమ్ దింపి, క్యాసెట్ పెట్టి, పది నిమిషాల్లో ఉన్న లైఫ్‌లన్నీ పోగొట్టుకున్నవాళ్లు అడిగేవి కొన్ని. కాకినాడ, భీమవరం వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం అడిగేవి ఇంకొన్ని. రెండూ ఒకచోటే పెట్టాం. ఎందుకంటే పాత గేమ్‌లో కష్టం ఒక రకం కాదు. వేలి వేగం అడిగే కష్టం వేరు, మెషీన్ చిన్నది కావడం వల్ల వచ్చిన కష్టం వేరు, ముందుచూపు అడిగే కష్టం వేరు. మొదటిది కంప్యూటర్‌కి అసలు లెక్కలోకే రాదు. మూడోది మనిషికీ కంప్యూటర్‌కీ కూడా కొరకరాని కొయ్యే. మీకు ఎదురైంది ఏ రకమో తెలిస్తేనే సాధన ఫలిస్తుంది.

చిన్నప్పుడు కళ్లు మూసుకుని ఆడిన కాంట్రా ఇప్పుడు మొదటి స్టేజి కూడా దాటట్లేదండీ. వయసైపోయిందంటారా?

ముందు టీవీని అనుమానించండి, తర్వాత వేళ్లని.

ఈ గేమ్‌లు సెకనుకు 60 ఫ్రేముల లెక్కన నడుస్తాయి. ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీత గీతగా తెర మీద గీసేసేది. ఇప్పటి ఎల్ఈడీ టీవీ అలా కాదు. మొత్తం బొమ్మని పట్టి ఉంచుకుని, సాగదీసి, మచ్చలు తుడిచి, కదలికని నునుపు చేసి, అప్పుడు చూపిస్తుంది. గేమ్ మోడ్ పెట్టకపోతే చాలా టీవీల్లో ఈ ఆలస్యం 50 నుంచి 100 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది, అంటే 3 నుంచి 6 ఫ్రేములు. మీరు తెర మీద చూస్తున్న తూటా నిజానికి అప్పటికే మీ దగ్గరకి వచ్చేసి ఉంటుంది.

కొలవడం తేలికే. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో సెకనుకు 240 ఫ్రేములకి పెట్టి, మీ బొటనవేలూ టీవీ తెరా రెండూ కనబడేలా తీయండి. జంప్ బటన్ నొక్కండి. బటన్ కిందకి దిగిన క్షణం నుంచి బొమ్మ పైకి లేచే దాకా వీడియోలో ఎన్ని ఫ్రేములు నడిచాయో లెక్కపెట్టండి. ఒక్కోటి 4.2 మిల్లీసెకన్లు. 12 నుంచి 15 లోపు వస్తే బాగానే ఆడొచ్చు. 24 దాటితే పదో వంతు సెకను పోయినట్టే. అప్పుడు ఈ పనులు చేయండి: పిక్చర్ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆపండి. బ్లూటూత్ గేమ్ రిమోట్ బదులు వైరున్నది వాడండి. పాత సెట్‌ని కొత్త టీవీకి కలిపే చవక కన్వర్టర్ డబ్బాలు కూడా ఆలస్యాన్ని పెంచుతాయి. టీవీకి నేరుగా ఏ.వి. (ఆడియో-వీడియో) పిన్నులు పెట్టే చోటుంటే ముందు అందులో పెట్టి చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా పోతున్నారంటే, అప్పుడు సాధన సంగతి మాట్లాడుకుందాం.

ఇంట్లో ఆడిన మారియో కంటే ఫోన్‌లో, పాత సెట్‌లా నడిచే ఎమ్యులేటర్ యాప్‌లో మారియో వేగంగా పరిగెడుతున్నాడు. ఏది అసలు వేగం?

సాధారణంగా ఫోన్‌లోదే. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు, మన దేశపు పాల్ పద్ధతి టీవీలు 50 సార్లు బొమ్మ గీసేవి. ఈ గేమ్‌లు ఒక్కో బొమ్మకీ ఒక్కో అడుగు వేస్తాయి. 60 కోసం రాసిన గేమ్‌ని 50కి కట్టుబడిన సెట్‌లో పెడితే ఆరింట అయిదు వంతుల వేగంతోనే నడుస్తుంది, పాట కూడా సాగుతుంది. చిన్నప్పటి అలవాటు ఆ నిదానానికి పడింది కాబట్టి ఇప్పుడు ప్రతి జంపూ ఆలస్యమవుతోంది. ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో పాల్ పెట్టుకుంటే పాత వేగం వస్తుంది. తప్పేం కాదు.

కావాలనే కష్టంగా చేశారా?

కొన్ని కావాలనే, కొన్ని తప్పనిసరై, ఒకటి మాత్రం అనుకోకుండా.

నాణెం వేసి ఆడే మెషీన్‌కి ఆట త్వరగా ముగియాలి, కానీ ఆడినవాడికి ఇంకో నాణెం వేయాలనిపించాలి. ఆ కొలత నుంచి పుట్టినవే 1980ల మొదటి గేమ్‌లు. ఇంటి గేమ్‌కి నాణెం లేదు గానీ చోటు లేదు. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 32 స్టేజిలూ పాటలూ బొమ్మలూ కలిపి 40 కిలోబైట్లే. ఇవాళ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లుంటుంది. అంత చిన్న గేమ్ నెలల తరబడి ఆడించాలంటే ఉన్నది కష్టం చేయడం ఒక్కటే దారి. గోస్ట్స్ అండ్ గోబ్లిన్స్‌లో చివరిదాకా వెళ్తే మళ్లీ మొదటి నుంచి రెండోసారి ఆడితేనే అసలు ముగింపు చూపిస్తుంది. కాంట్రా హార్డ్ కోర్‌ జపాన్ క్యాసెట్‌లో మూడు దెబ్బలు ఓర్చుకునేవాడు, అమెరికా క్యాసెట్‌లో ఒక్క దెబ్బకే పోతాడు.

అనుకోకుండా వచ్చింది 1978 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్‌లో. అయిదు వరసల్లో 11 చొప్పున 55 శత్రువులు. మెషీన్ ఒక్కో ఫ్రేముకి ఒక్క శత్రువునే కదపగలిగేది. 55 మంది ఉంటే అందరూ ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. మీరు కాల్చేకొద్దీ లెక్క తగ్గి, మిగిలినవాళ్ల వంతు త్వరత్వరగా వస్తుంది. ఆఖరివాడికి ప్రతి ఫ్రేమూ తనదే. వేసవిలో శివారు చేలకి నీటి వంతు వచ్చినట్టు కదిలేవాడు ఒక్కసారిగా పరుగందుకుంటాడు. తయారుచేసిన తొమోహిరో నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచాడు. ఆడేకొద్దీ కష్టం పెరగాలన్న పద్ధతికి బాట వేసింది అదే.

నింజా గైడెన్‌లో చంపిన పక్షి మళ్లీ మళ్లీ వస్తోంది. క్యాసెట్ పాడైందా?

లేదండి. మెషీన్ పని చేసే మెమరీ 2 కిలోబైట్లు. ఎవరు చచ్చారో గుర్తుపెట్టుకోవడానికి చోటు ఖర్చు చేయలేదు. తెర ఫలానా చోటికి జరిగితే ఫలానా శత్రువు పుడతాడు, అంతే. మీరు భయపడి రెండు అడుగులు వెనక్కి వేసి మళ్లీ ముందుకొస్తే ఆ చోటు మళ్లీ దాటినట్టే, వాడు మళ్లీ పుడతాడు. వెనక్కి వేయకండి. శత్రువు తెర అంచున కనబడగానే కొట్టి, ముందుకే కదలండి.

ప్యాక్‌మ్యాన్‌లో దెయ్యాలు మనం ఎటు వెళ్తామో ఎలా పసిగడతాయి? అదంతా అదృష్టమేనా?

అదృష్టం దాదాపు లేదు. నాలుగు దెయ్యాలకీ నాలుగు బుద్ధులు. 1980లో తోరు ఇవతాని బృందం చేసిన ఈ పని ఇప్పటికీ పాఠంగా చెప్పదగ్గది.

ప్రతి దెయ్యానికీ ఒక గురి గడి ఉంటుంది. మలుపు వచ్చిన చోట ఏ దారి పడితే ఆ గడికి సూటిగా దగ్గరవుతుందో ఆ దారి పట్టడమే దాని తెలివి. రెండు దారులూ సమానమైతే పైకి, ఎడమకి, కిందకి, కుడికి అనే వరసలో ఎంచుకుంటుంది. మామూలు నడకలో వెనక్కి తిరగదు.

ఎర్ర దెయ్యం బ్లింకీ గురి మీరే. గులాబీ పింకీ గురి మీ ముఖం ఉన్న వైపు నాలుగు గడుల ముందు. మీరు పైకి చూస్తుంటే మాత్రం ప్రోగ్రాములో దొర్లిన లెక్క తప్పు వల్ల నాలుగు గడులు పైకీ, నాలుగు ఎడమకీ జరుగుతుంది. నీలం ఇంకీది తిరకాసు: మీకు రెండు గడుల ముందున్న చోటు తీసుకుని, బ్లింకీ నుంచి అక్కడికి గీత గీసి, అంతే దూరం అవతలికి పొడిగిస్తే వచ్చేది దాని గురి. అందుకే అది ఒక్కోసారి మీద పడుతుంది, ఒక్కోసారి ఎటో పోతుంది. నారింజ క్లైడ్ ఎనిమిది గడుల కంటే దూరంగా ఉంటే మీ మీదికొస్తాడు, దగ్గరకి రాగానే తన ఎడమ కింది మూలకి మళ్లుతాడు.

ఇది తెలిస్తే ఆట మారిపోతుంది. పింకీ ఎదురొస్తుంటే పారిపోకుండా దానికేసి నడవండి. మీ ముందు నాలుగు గడులంటే దాని వెనక్కి పడుతుంది, మలుపు దొరికితే అది పక్కకి తప్పుకుంటుంది. మలుపు లేని సందులో మాత్రం ఈ సాహసం చేయొద్దు. మొదటి లెవెల్లో దెయ్యాలు 7 సెకన్లు తమ తమ మూలలకి పోయి, 20 సెకన్లు వేటాడి, మళ్లీ 7, 20, తర్వాత 5, 20, 5 అయ్యాక ఇక వేట ఆపవు. మార్పు జరిగిన క్షణాన అన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరుగుతాయి, అదే మీకు గుర్తు. మలుపుకి కాస్త ముందే స్టిక్ తిప్పి పట్టుకుంటే ప్యాక్‌మ్యాన్ మూల కోసుకుంటూ తిరుగుతాడు, దెయ్యాలకి ఆ వీలు లేదు. చుక్క తిన్న ప్రతిసారీ మీరు ఒక ఫ్రేము ఆగుతారు, పెద్ద చుక్కకి మూడు. వెంటబడి తరుముతున్నప్పుడు చుక్కలు అయిపోయిన సందులోంచే పరిగెత్తాలి. పక్క సొరంగంలో దెయ్యాల వేగం బాగా తగ్గుతుంది. 19వ లెవెల్ నుంచి పెద్ద చుక్క తిన్నా అవి నీలంగా మారవు, అంటే మీరు వాటిని తినలేరు.

అంత బాగా ఆడితే ఆట ఎప్పటికీ సాగుతుందా?

సాగదు. ప్యాక్‌మ్యాన్ లెవెల్ లెక్క ఒక్క బైట్‌లో ఉంది. బైట్‌లో పట్టేది 255 దాకానే. 256వ లెవెల్లో లెక్క పొర్లి, తెర కుడి సగం అక్షరాల చెత్తతో నిండిపోతుంది. అక్కడ సరిపడా చుక్కలు లేవు కాబట్టి లెవెల్ పూర్తికాదు. ఒక్క లైఫ్ పోకుండా అన్నీ తింటే వచ్చే గరిష్ఠ స్కోరు 33,33,360.

డాంకీ కాంగ్‌లో ఇంకా ముందే. లెవెల్‌కి నాలుగు కలిపి పదితో గుణించి బోనస్ సమయం వేస్తుంది. 22వ లెవెల్లో అది 260. బైట్ పొర్లి మిగిలేది 4. కోతి దగ్గరకి చేరేలోపే సమయం అయిపోతుంది. చేతి తప్పు లేని చావు అది.

టెట్రిస్‌లో 29వ లెవెల్ మనిషి వల్ల కాదంటారు, నిజమేనా?

మారియోని చేసిన జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన టెట్రిస్ గురించి చాలా ఏళ్లు అలాగే అనుకున్నారు. మొదటి లెవెల్లో ముక్క ఒక గడి దిగడానికి 48 ఫ్రేములు. 19 నుంచి 28 దాకా 2. 29లో ఒకటే, అంటే 20 గడులూ సెకనులో మూడో వంతులో దిగిపోతుంది. బటన్ నొక్కిపట్టుకుంటే ముక్క వెంటనే ఒక గడి జరిగి, 16 ఫ్రేములు ఆగి, ఆపైన 6 ఫ్రేములకొకటి చొప్పున జరుగుతుంది. అంచుకి చేరేలోపే నేలకి తగులుతుంది.

దారి వేలి నుంచే వచ్చింది. బొటనవేలు బటన్ మీద ఆనించి ఉంచి, రిమోట్ వెనకవైపు మిగతా వేళ్లతో ఒకదాని వెంట ఒకటి డోలు మీద వాయించినట్టు తడతారు. ఒక్కో తట్టుకీ రిమోట్ కదిలి బటన్ నొక్కుకుంటుంది. దీన్నే రోలింగ్ అంటారు. 2023 డిసెంబర్‌లో 13 ఏళ్ల విల్లిస్ గిబ్సన్ అనే అమెరికా కుర్రాడు 157వ లెవెల్ దాకా వెళ్లాడు. ఆటే చేతులెత్తేసి నిలిచిపోయింది.

నిలువు ముక్క ఎంతకీ రావట్లేదన్న ఫిర్యాదు కూడా నిజమే. ఆ క్యాసెట్‌లో ముక్క ఎంపిక దాదాపు పాచికలాటే. ముందు వచ్చిందే మళ్లీ పడితే ఒక్కసారి తిరిగి వేస్తుంది, అంతకు మించి న్యాయం లేదు. కొత్త టెట్రిస్‌లలో ఏడు ముక్కలూ సంచిలో వేసి తీసినట్టు వస్తాయి. పాతదాంట్లో ఒకే ఒక్క గుంత వదిలి నిలువు ముక్క కోసం ఎదురుచూసే ఆట పరిమితిలో ఆడాలి.

కంప్యూటర్‌కి వేళ్ల బాధ లేదుగా, టెట్రిస్‌ని పూర్తిగా జయించేస్తుందా?

చక్కగా ఆడుతుంది, కానీ అత్యుత్తమంగా ఆడటం వేరు. రాబోయే ముక్కలన్నీ ముందే చెప్పేసినా, ఎక్కువ వరసలు చెరిపే దారి కనుక్కోవడం ఎన్‌పీ-కఠినమని, అంటే ఎప్పుడూ వేగంగా విప్పే పద్ధతి ఎవరికీ తెలియని రకమని, 2002లో ఎరిక్ డెమైన్, సూసన్ హోహెన్‌బెర్గర్, డేవిడ్ లిబెన్-నోవెల్ నిరూపించారు. అంతకు ముందే, 1997లో, హైడీ బర్జీల్ ఇంకోటి చూపింది: 10 గడుల వెడల్పు బోర్డులో ఎస్, జెడ్ ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూ పోతే ఎంతటివాడైనా చివరికి ఓడాల్సిందే.

2013లో టామ్ మర్ఫీ అనే పరిశోధకుడు నింటెండో గేమ్‌లు ఆడే ప్రోగ్రాము రాశాడు. టెట్రిస్‌లో ఓటమికి ఒక్క క్షణం ముందు అది పాజ్ నొక్కి, ఇక వదల్లేదు. స్కోరు పెంచమన్నారు తప్ప ఆడమని దానికెవరూ చెప్పలేదు.

మారియో ఎన్‌పీ-కఠినం అంటే ఏంటి? మా తమ్ముడు పదేళ్లకే పూర్తి చేశాడు కదా.

మీ తమ్ముడు పూర్తి చేసింది ఆ 32 స్టేజిలనే. ఇక్కడ మాట వేరు: ఎంత పెద్ద స్టేజి అయినా కట్టొచ్చు అనుకుంటే, కొత్త స్టేజి ఇచ్చి "దీన్ని దాటే దారి అసలు ఉందా" అని అడిగితే, త్వరగా చెప్పే పద్ధతి ఎవరి దగ్గరా లేదు.

కాలువల మీద చూద్దాం. ధవళేశ్వరం దగ్గర బయల్దేరిన పడవ పల్లానికే పోతుంది, వెనక్కి రాదు. మధ్యలో చీలికలు. ప్రతి చీలిక దగ్గర ఎడమ కాలువో కుడి కాలువో ఒకటే పట్టాలి. ఒక్కో కాలువ కొన్ని ఊళ్ల రేవులని తాకుతుంది, ఆ రేవుల్లో తలా ఒక బస్తా దింపొచ్చు. ఏ ఊరి రేవుకైనా బస్తా రాగల కాలువలు మూడే. చీలికలన్నీ అయ్యాక ఆఖరి కాలువ ఆ ఊళ్ల లాకులన్నిటినీ వరసగా దాటాలి. కనీసం ఒక్క బస్తా అయినా అందిన ఊరే లాకు తీస్తుంది. ఒక్క ఊరు తీయకపోయినా పడవ అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు చెప్పండి, అన్ని లాకులూ తెరిపించే దారి ఉందా?

20 చీలికలుంటే 10,48,576 దారులు. చీలికలు 60 అయితే, సెకనుకు వంద కోట్ల దారులు చూసే మెషీన్‌కి కూడా అన్నీ వరసగా చూడటానికి 36 ఏళ్లు దాటుతుంది. కొన్నిటిని తెలివిగా వదిలేయొచ్చు. కానీ ఎంత పెద్ద చిక్కయినా వేగంగా విప్పే పద్ధతి ఉందో లేదో గణితం ఇంకా తేల్చలేదు.

మారియోలో ఇదంతా ఇటుకలతోనే కట్టొచ్చు. వెనక్కి ఎగరలేనంత లోతుకి దూకే చోటు చీలిక. కిందనుంచి తలతో కొడితే నక్షత్రం వచ్చే డబ్బా బస్తా. నిప్పు కడ్డీలు తిరిగే సందు లాకు. పైన నక్షత్రం ఎదురుచూస్తుంటే దాన్ని పట్టి నిప్పులోంచి దూసుకుపోవచ్చు, లేకపోతే మాడిపోవాలి. రెండు దారులు ఒకదాన్నొకటి దాటాల్సిన చోట మారియో పక్కదారిలోకి జారకుండా కట్టడమే అసలు ప్రతిభ. 2012లో అలూపిస్, డెమైన్, గువో, విలియెట్టా ఈ నిరూపణ ఇచ్చారు. 2016లో ఇంకో మెట్టెక్కి, అది పీస్పేస్-సంపూర్ణమని, అంటే ఇంకా గట్టిదని తేల్చారు. ప్రాజెక్టు చేసేవాళ్లు మొదట ఆ దాటుడు కట్టడాన్నే కాగితం మీద గీసి అర్థం చేసుకోండి. మిగతాది దానంతటదే వస్తుంది.

పెట్టెలు తోసే సోకోబాన్ కూడా పీస్పేస్-సంపూర్ణమే. మైన్‌స్వీపర్‌లో బోర్డు మీది అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతాయా అన్న ప్రశ్న ఎన్‌పీ-సంపూర్ణమని, అంటే ఎన్‌పీ తరగతిలో అన్నిటికంటే కష్టమైనవాటిలో ఒకటని, రిచర్డ్ కే 2000లో చూపాడు.

ఏఐ అన్ని గేమ్‌లూ ఆడేస్తోందంటున్నారు. దానికీ కష్టమైన పాత గేమ్ ఏదైనా ఉందా?

మాంటెజుమాస్ రివెంజ్, 1984. గూగుల్ వాళ్ల ఏఐ సంస్థ డీప్‌మైండ్ 2015లో ప్రకటించిన ప్రోగ్రాము అటారీ అనే పాత అమెరికా సెట్ గేమ్‌లు 49 తెర చూసే నేర్చుకుంది, ఒక్కోదానికి సుమారు 38 రోజుల ఆటతో సమానమైన సాధన. బ్రేకౌట్‌లో గోడ పక్కన సందు తవ్వి బంతిని పైకి పంపే ఎత్తు తనే కనిపెట్టింది. మాంటెజుమాలో వచ్చింది సున్నా.

మొదటి గది చూస్తే కారణం తెలుస్తుంది. నిచ్చెన దిగాలి, తాడు పట్టి కుడి అరుగు మీదికి దూకాలి, ఇంకో నిచ్చెన దిగాలి, నేల మీద దొర్లే పుర్రెని దాటాలి, ఎడమ నిచ్చెన ఎక్కాలి, అప్పుడు తాళంచెవి. దానికి 100 పాయింట్లు. అప్పటిదాకా ఒక్క పాయింటూ లేదు, కాస్త ఎత్తు నుంచి పడినా చావే. తోచినట్టు బటన్లు నొక్కుతూ నేర్చుకునే ప్రోగ్రాముకి ఏది మంచో చెప్పేవాళ్లే లేరు. మనకి తాళంచెవి చూడగానే తలుపు గుర్తొస్తుంది. పుర్రె తగిలితే చస్తామని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ లోకజ్ఞానం దానికి లేదు. 2018లో గో-ఎక్స్‌ప్లోర్ పద్ధతి దీన్ని దాటింది: చేరిన చోట్లన్నీ గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడికే వెళ్లి, అక్కడ నుంచి వెతకడం. 2020లో ఏజెంట్57 అనే ప్రోగ్రాము 57 అటారీ గేమ్‌లలోనూ మనుషుల ప్రమాణ స్కోరు దాటింది.

మారియో స్పీడ్‌రన్‌లో (గేమ్‌ని వీలైనంత త్వరగా ముగించే పోటీ) పది ఫ్రేములు ముందే జెండా అందుకున్నా టైమ్ తగ్గలేదేం?

నరసాపురం రేవులో పంటు గుర్తుచేసుకోండి. మీరు అయిదు నిమిషాలు ముందొచ్చినా పంటు కదిలినప్పుడే సఖినేటిపల్లి. ఆ గేమ్ స్టేజి మార్చాలా అని 21 ఫ్రేములకొకసారే చూస్తుంది, అంటే సెకనులో మూడో వంతు పైచిలుకు. మీ పది ఫ్రేములు ముందు పంటుని అందించకపోతే వృథా. చివరి స్టేజి 8-4కి మాత్రం ఈ లెక్క లేదు. అక్కడ ప్రతి ఫ్రేమూ మీదే.

క్యాసెట్‌ని ఊదితే పనిచేస్తుందిగా?

ఊదకండి. పనిచేసింది ఊపిరి వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల. ఊపిరి తేమ రాగి మీద పడి పచ్చగా చిలుము పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి, క్యాసెట్ పళ్లని రెండు వైపులా పొడవునా తుడవండి. పుల్ల నల్లబడినంత సేపూ కొత్తది వాడండి. పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి. చిలుము వదలకపోతే తెల్ల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. గరుకు కాగితం వాడితే పైపూత ఊడి, ఇక బాగుపడదు. రిమోట్ బటన్ గట్టిగా నొక్కితే గానీ పనిచేయకపోతే విప్పి, బోర్డు మీది నల్లని చోట్లు తుడవండి. రబ్బరు కింది కార్బన్ చుక్కల్ని మాత్రం గట్టిగా రుద్దకూడదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి దాచండి.

అడాప్టర్ మార్చేటప్పుడు సెట్ వెనక రాసింది చదవాల్సిందే. నింటెండో జపాన్ సెట్ ఫామికామ్‌కి 10 వోల్టుల డీసీ, మధ్య పిన్ను మైనస్. నింటెండో అమెరికా సెట్‌తో వచ్చిన అడాప్టర్ ఏసీ ఇస్తుంది. పిన్ను పట్టింది కదా అని ఆ ఏసీ అడాప్టర్‌ని ఫామికామ్‌కి పెడితే సెట్ కాలిపోతుంది.

కాంట్రాలో 30 లైఫ్‌ల కోడ్ వాడితే మోసమా? అసలు ఎలా సాధన చేయాలి?

పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, స్టార్ట్. టైటిల్ తెర మీద నొక్కాలి. గేమ్ చేసినవాళ్లే పెట్టిన తలుపు అది, నిరభ్యంతరంగా వాడండి. సాధనకి ఎమ్యులేటర్‌లో సేవ్ స్టేట్ ఇంకా మేలు. మీరు పోయే చోటుకి అయిదు సెకన్ల ముందు సేవ్ చేసుకోండి. ఆ ముక్కనే వరసగా అయిదుసార్లు దెబ్బ తగలకుండా దాటితే, సేవ్‌ని ఇంకో పది సెకన్లు వెనక్కి జరపండి. ముక్కల్ని అలా చివరి నుంచి మొదటికి అతుక్కుంటూ రండి. ఎప్పుడూ స్టేజి మొదటి నుంచే ఆడితే తేలిక చోటు వందసార్లు, కష్టమైన చోటు పదిసార్లు ఆడినట్టవుతుంది. ఒకే చోట 20 సార్లు పోయారంటే ఆ రోజుకి ఆపేసి, మర్నాడు పొద్దున్న కూర్చోండి.